గుంపులో దొరికిన పేరు
(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ ఊళ్లో ఎందరికో ఆట నేర్పిన మాస్టారి పేరిట మాట్లాడమని స్మారక సంఘం వారు అడిగినప్పుడు ఆయన జీవితకథ చెప్పమన్నారు కొందరు, మన ఫుట్‌బాల్ వైభవం గురించి చెప్పమన్నారు ఇంకొందరు. రెండూ చెప్పుకోదగ్గవే. కానీ ఆయన్ని చివరిదాకా వేధించిన ప్రశ్న ఒకటుంది. 1985లో బ్రసెల్స్ వార్త పేపర్లో చదివినప్పటి నుంచి ఆయన అడుగుతూనే ఉండేవారు: ఆట చూడ్డానికి ఊరు దాటి, సముద్రం దాటి వెళ్లిన పిల్లలు మనుషుల ప్రాణాలు తీసే దాకా ఎందుకు వెళ్లారు? ఎవరు వాళ్లు? ఈ సాయంత్రం నాకు చేతనైనంతలో ఆ ప్రశ్నకు జవాబు చెబుతాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ కుర్రాళ్లలో చాలామంది ద్వేషం నింపుకుని ఇల్లు కదిలినవాళ్లు కారు. ఇంట్లోనో, బళ్లోనో, పనిలోనో తమని ఎవరూ లెక్కచెయ్యని వయసులో, ఒక గుంపు పిలిచి పక్కన నిలబెట్టుకుంది. ఆ పిలుపుకు వాళ్లు చెల్లించిన రుసుము కొట్లాట. ఈ సంగతి గ్రహించని బ్రిటన్ ప్రభుత్వం మొత్తం ప్రేక్షకులనే శత్రువులుగా చూసి ఇనప కంచెలు కట్టింది. ఆ కంచెల దగ్గర ఏ పాపమూ ఎరగనివాళ్లు ఊపిరాడక చనిపోయారు.

1985 మే 29. బ్రసెల్స్‌లోని హేసెల్ స్టేడియం. యూరోపియన్ కప్ ఫైనల్, ఇంగ్లండ్ నుంచి లివర్‌పూల్, ఇటలీ నుంచి యువెంటస్. 1930లో కట్టిన ఆ స్టేడియం గోడలు అప్పటికే శిథిలమై ఉన్నాయి. గోలుపోస్టు వెనక మెట్లలో రెండు భాగాలు లివర్‌పూల్ వాళ్లవి. మూడోది, జడ్ బ్లాకు, ఎవరి పక్షమూ కాని స్థానికుల కోసమని అమ్మారు. ఆ టికెట్లు చాలావరకు బెల్జియంలో స్థిరపడ్డ ఇటాలియన్ కుటుంబాలు కొనుక్కున్నాయి. రెండు వర్గాలకూ మధ్య అడ్డు కోళ్లగూటికి వాడేలాంటి పల్చటి వైరు కంచె, నలుగురైదుగురు పోలీసులు. ఆట మొదలవడానికి ఇంకా గంట ఉందనగా రాళ్లు లేచాయి. లివర్‌పూల్ వైపు నుంచి ఒక గుంపు కంచెని తొక్కుకుంటూ ఉరికింది. అవతలివాళ్లలో తండ్రులు, తల్లులు, పిల్లలు. కొట్లాటకొచ్చిన వాళ్లు కారు గనక వెనక్కి వెనక్కి జరిగి పక్క గోడ దగ్గర ఇరుక్కుపోయారు. గోడ కూలింది. 39 మంది చనిపోయారు. 32 మంది ఇటాలియన్లు. తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చిన ఒక చిన్న పిల్లవాడు, ఆ తండ్రి, ఇద్దరూ ఆ శవాల్లో ఉన్నారు. ఆట ఆపితే ఇంకా పెద్ద గొడవవుతుందని భయపడి అధికారులు మ్యాచ్ ఆడించారు. తమ ఆటగాడు ప్లాటీని కొట్టిన పెనాల్టీతో యువెంటస్ 1-0తో గెలిచింది. ఆ కప్పుని చూసి సంతోషించడం ఎవరి తరమూ కాలేదు.

ఇంగ్లండ్ క్లబ్బులన్నిటినీ ఐదేళ్లు యూరప్ పోటీల నుంచి వెలివేశారు. లివర్‌పూల్‌కి ఇంకో ఏడాది ఎక్కువ. 1989లో బెల్జియం కోర్టు 14 మంది లివర్‌పూల్ అభిమానుల్ని మనుషుల చావుకు కారకులని తేల్చి శిక్షించింది.

ఇదేదో ఒక్క రాత్రిలో పుట్టిన ఉన్మాదం కాదు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ గొడవలు కొత్తవీ కావు. వీధుల్లో బంతాట గోల భరించలేక 1314లోనే లండన్ మేయరు దాన్ని నిషేధించాడు. కానీ మనం మాట్లాడుకుంటున్న సంస్కృతి 1960ల నడుమ మొదలైంది. అంతకుముందు కుర్రాళ్లు తండ్రితోనో, మేనమామతోనో, వీధిలో పెద్దవాళ్లతోనో స్టేడియానికి వెళ్లేవారు. బూతు మాట్లాడితే పక్కనున్న పెద్దాయనే నెత్తిమీద ఒకటి మొట్టేవాడు. 1960ల్లో జేబులో కాస్త సొంత డబ్బు, చవక రైలు ప్రయాణం వచ్చేసరికి కుర్రాళ్లు పెద్దల్ని వదిలి గోలుపోస్టు వెనక మెట్ల మీద తమదంటూ ఒక చోటు చేసుకున్నారు. అవతలి ఊరి కుర్రాళ్లు వచ్చి ఆ చోటుని ఆక్రమించడం పరువు సమస్య అయింది. ఎదుటి ఊరికి వెళ్లి వాళ్ల మెట్లు ఆక్రమించి రావడం ఘనకార్యం అయింది.

1970లు, 80లు వచ్చేసరికి ఆ గుంపులకు పేర్లు వచ్చాయి, హోదాలు వచ్చాయి. వాటిని ఫర్మ్‌లనే వారు. చెల్సీకి హెడ్‌హంటర్స్, మిల్‌వాల్‌కి బుష్‌వాకర్స్, బర్మింగ్‌హామ్‌కి జులూలు, బర్న్‌లీకి సూయిసైడ్ స్క్వాడ్. కొన్ని పేర్లు రైళ్ల నుంచి వచ్చాయి. అభిమానుల కోసం వేసే ప్రత్యేక రైళ్లలో ఎక్కితే పోలీసులు వెంటపడతారని, వెస్ట్ హామ్ కుర్రాళ్లు మామూలు ప్రయాణికుల్లా ఇంటర్‌సిటీ రైళ్లలో వెళ్లేవారు. అలా వాళ్లు ఇంటర్ సిటీ ఫర్మ్ అయ్యారు. పోర్ట్స్‌మత్ వాళ్లు 6.57 క్రూ. శనివారం పొద్దున్న 6 గంటల 57 నిమిషాలకి లండన్ వెళ్లే రైలు అది.

ఆ రైలెక్కిన పదహారేళ్ల కుర్రాణ్ణి ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. వారం పొడుగునా అతను గోదాములో పెట్టెలు మోశాడు, లేదా పని దొరక్క నిరుద్యోగ భృతి ఆఫీసు ముందు వరుసలో నిలబడ్డాడు. 1980ల మొదట్లో బ్రిటన్‌లో నిరుద్యోగులు ముప్ఫై లక్షలు దాటారు. ఐదు రోజులూ అతని పేరు అడిగినవాడు లేడు. శనివారం ప్లాట్‌ఫారం మీదకి రాగానే పాతికేళ్ల వాడొకడు, ఊళ్లో అందరూ భయపడేవాడు, పేరు పెట్టి పిలిచి భుజం మీద చెయ్యి వేస్తాడు. అందరి ఒంటిమీదా ఖరీదైన బట్టలు. ఫిలా, సెర్జియో టక్కీని, తర్వాత తర్వాత చేతికి దిక్సూచి బిళ్లతో స్టోన్ ఐలాండ్. లివర్‌పూల్ కుర్రాళ్లు తమ జట్టు వెంట యూరప్ తిరుగుతూ ఆ బట్టల మోజు ఇంటికి తెచ్చారు. బోడిగుండూ బూట్లూ ఉన్నవాళ్ల కోసం పోలీసులు వెతుకుతుంటే, మంచి బట్టలేసుకున్న ఈ కుర్రాళ్లు వాళ్ల ముందు నుంచే నడిచివెళ్లేవారు. ఎదుటి ఊళ్లో దిగాక అందరూ కలిసి ఒక్క అడుగుగా నడుస్తారు. రోడ్డు మీద కార్లు ఆగుతాయి, దుకాణాల తలుపులు మూతపడతాయి. మొన్నటిదాకా దుకాణంలో చిల్లర కోసం నిలబడితే పట్టించుకోని పెద్దమనుషులు ఇప్పుడు భయపడి పక్కకు తప్పుకుంటారు. పదహారేళ్లప్పుడు అది ఎంత మత్తో ఈ గోడవార నిలబడ్డ తమ్ముళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

వెస్ట్ హామ్ వాళ్లు కొట్టిపడేసిన మనిషి మీద విజిటింగ్ కార్డు వేసి వెళ్లేవారు: మీకు ఇంటర్ సిటీ ఫర్మ్‌తో పరిచయమైంది, అభినందనలు అని దాని భావం. ఆ ముఠాకి చిన్నపిల్లల విభాగం కూడా ఉండేది. ఐదేళ్ల లోపు వాళ్లని అర్థం వచ్చే ముద్దుపేరు దానికి. నిజానికి వాళ్లు టీనేజీ కుర్రాళ్లు. పెద్దయ్యాక అసలు ముఠాలోకి పైకి వస్తారన్నమాట. లెస్టర్‌లో ముఠా పేరే బేబీ స్క్వాడ్. బడి చెయ్యలేని పని, అంటే పై తరగతికి వెళ్లాలన్న ఆశ పుట్టించడం, ఈ ముఠాలు చేశాయి.

పండితులు దీన్ని చాలా రకాలుగా వివరించారు. ఇయాన్ టేలర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల మొదట్లో ఒక మాట అన్నాడు. క్లబ్బు మా వీధిది, మా వాడది అనుకున్న కార్మికుడికి ఆటగాళ్లు సినిమా తారల్లా దూరమయ్యారు, క్లబ్బు వ్యాపారుల చేతికి వెళ్లింది. ఆ పోగొట్టుకున్న హక్కు కోసం చేసే పెనుగులాటే ఈ గొడవ అని. కార్మికుల మీద ప్రేమతో చెప్పిన మాట అది. కానీ రైలు డబ్బాలో సీట్లు చింపిన కుర్రాణ్ణి చూస్తే అంత వర్గ చైతన్యం కనబడదు. లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఎరిక్ డన్నింగ్ బృందం, కొట్లాటే మగతనమని నేర్పే మొరటు పేటల్లో దీని వేళ్లున్నాయన్నారు. అందులో నిజం ఉంది. అయితే షెఫీల్డ్ యునైటెడ్ ముఠాతో ఏళ్ల తరబడి తిరిగిన గ్యారీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1998లో పుస్తకం రాస్తూ, వీళ్లలో ఉద్యోగాలున్నవాళ్లు, మర్యాదస్తుల ఇళ్ల వాళ్లు ఎందరో ఉన్నారని చూపించాడు. వాళ్లు కొట్లాడుకున్న సమయం కంటే దాని గురించి కబుర్లు చెప్పుకున్న సమయమే ఎక్కువ.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది పీటర్ మార్ష్, ఆయన సహచరులు 1978లో తెచ్చిన పుస్తకం. ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ స్టేడియంలో లండన్ రోడ్ వైపు మెట్ల మీద ఎవరెవరు ఎక్కడ నిలబడతారో వాళ్లు ఓపిగ్గా చూశారు. ఒక పక్కన పదేళ్ల పిల్లలు, కొత్తగా చేరినవాళ్లు. నడుమ పన్నెండు నుంచి పదిహేడేళ్ల అల్లరి కుర్రాళ్లు. ఇంకో పక్క పేరు గడించి, ఇక అరవనవసరం లేని పెద్దవాళ్లు. పాట ఎత్తుకునేవాడొకడు, ఎదుటివాళ్ల మీదకి ముందు ఉరికేవాడొకడు, బస్సులు మాట్లాడేవాడొకడు. చూసేవాళ్లకి కకావికలుగా కనిపించిన చోట కట్టుబాట్లున్నాయి. తరమడం, అరవడం, కవ్వించడమే చాలావరకు. దెబ్బలు అనుకున్నంత లేవు. ఆ కట్టుబాటు దాటి అడ్డూ ఆపూ లేకుండా కొట్టేవాణ్ణి వాళ్లే పిచ్చివాడనే వాళ్లు. ఈ పరిశీలన మనకి ముఖ్యం. కుర్రాడు అక్కడికి వచ్చింది ఒక మెట్టు మీద నుంచి ఇంకో మెట్టు మీదకి, నలుగురి కళ్లముందు ఎదగడానికి. అయితే మార్ష్ దీన్ని ఆచారంగా చూసి ప్రమాదాన్ని తక్కువ చేశాడని నేననుకుంటాను. హేసెల్‌లోనూ చాలామంది కేవలం తరమడానికే పరుగెత్తారు. తరిమితేనే 39 మంది చనిపోయారు.

బిల్ బుఫర్డ్ అనే అమెరికన్ పత్రికా సంపాదకుడు 1984లో మాంచెస్టర్ యునైటెడ్ అభిమానుల వెంట ట్యూరిన్ వెళ్లాడు. తర్వాత రాసిన పుస్తకంలో అతను దాచకుండా చెప్పిన సంగతి, గుంపు కట్టుతెంచుకున్న క్షణంలో కలిగే ఆనందం గురించి. అది తననీ తాకిందని ఒప్పుకున్నాడు. ఒంటరి మనిషి అన్న బరువు దిగిపోతుంది, తనంటూ వేరే లేకుండా పోతుంది. పేదరికమే కారణమని చెప్పే వాళ్లందరూ ఆ పుస్తకం చదవాలి. మంచి జీతం తెచ్చుకునే ఎలక్ట్రీషియన్లు కూడా ఆ ఆనందం కోసం వారం వారం వెళ్లారు.

ఒక మనిషి కథ చెబుతాను. తన కథ తానే పుస్తకంగా రాసుకున్నాడు, 2008లో సినిమా కూడా వచ్చింది. కాస్ పెనెంట్. 1958లో డాంకాస్టర్‌లో జమైకా తల్లికి పుట్టాడు. పసితనంలోనే బార్నార్డో ఆశ్రమం చేరాడు. లండన్ శివార్లలో స్లేడ్ గ్రీన్ అనే చోట వయసు మళ్లిన తెల్ల దంపతులు పెంచుకున్నారు. చుట్టుపక్కల నల్లపిల్లవాడు అతనొక్కడే. తల్లి పెట్టిన పేరు క్యారల్. ఇంగ్లండ్‌లో అది ఆడపిల్లల పేరు. రంగుకీ పేరుకీ కలిపి రోజూ దెబ్బలే. బాక్సర్ కాసియస్ క్లేని చూసి, ఆ పేరులోంచి కాస్ అని తనకు తానే పేరు పెట్టుకున్నాడు. పెంపుడు తల్లిదండ్రుల ప్రేమకు లోటు లేదు. కానీ వీధిలో మర్యాద కావాలి కదా. అది వెస్ట్ హామ్ మెట్ల మీద దొరికింది. ఆరడుగులు దాటిన నల్ల కుర్రాడు తెల్లవాళ్ల ముఠాకి ముందు నిలిచే నాయకుల్లో ఒకడయ్యాడు. జాతి విద్వేష పార్టీలు స్టేడియాల గేట్ల దగ్గర కరపత్రాలు పంచుతున్న రోజులవి. 1980లో నాలుగేళ్ల జైలు పడింది. బయటికొచ్చాక నైట్‌క్లబ్బుల దగ్గర కాపలా ఉద్యోగం. 1993లో అక్కడే తుపాకీ గుళ్లు తిని బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత రచయిత, ప్రచురణకర్త అయ్యాడు. చేసినవాటికి సాకులు వెతకాలని ఈ కథ చెప్పడం లేదు. అతని చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్ల కథలు ఏ సినిమాలోనూ రాలేదు. ముఠా నుంచి అతను కోరుకున్నదేమిటో చూడండి అని చెబుతున్నాను.

ఇలా దెబ్బలు తిన్నవాళ్ల గురించి ఒక మాట. 1998 వరల్డ్ కప్‌లో, ఫ్రాన్స్‌లోని లాన్స్ పట్టణంలో, దానియెల్ నివెల్ అనే పోలీసు ఉద్యోగిని జర్మన్ ముఠావాళ్లు కిందపడేసి తల మీద కొట్టారు. వారాల తరబడి స్పృహ లేదు. ప్రాణం దక్కింది గానీ మునుపటి మనిషి కాలేకపోయాడు. అంతకు ముందు ఏడాది, 1997 మార్చిలో, నెదర్లాండ్స్‌లో బెవర్‌వైక్ దగ్గర హైవే పక్క పొలంలో అయాక్స్, ఫెయెనూర్డ్ ముఠాలు ముందే చోటు మాట్లాడుకుని తలపడ్డాయి. స్టేడియం లేదు, బంతి లేదు, ఆట లేదు. 35 ఏళ్ల మనిషి చనిపోయాడు.

ఇంకో లెక్క పేపర్లలో అరుదుగా వస్తుంది. 2002, 2006, 2010 వరల్డ్ కప్పుల సమయంలో లాంకషర్ పోలీసుల దగ్గర నమోదైన గృహహింస ఫిర్యాదుల్ని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు పరిశీలించారు. ఇంగ్లండ్ ఓడిన రోజు ఆ ఫిర్యాదులు 38 శాతం పెరిగాయి. గెలిచినా, డ్రా అయినా 26 శాతం పెరిగాయి. వీధిలో గుంపు కట్టని వాళ్ల ఇళ్లలో సైతం ఓటమి దెబ్బ ఆడవాళ్ల ఒంటి మీద పడింది. మగతనం గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క దగ్గర పెట్టుకుని మాట్లాడాలి.

సిద్ధంగా ఉన్న గుంపుని వాడుకునేవాడు ఎప్పుడూ తయారుగా ఉంటాడు. 1995 ఫిబ్రవరి 15న డబ్లిన్‌లో ఇంగ్లండ్, ఐర్లండ్ స్నేహపూర్వక మ్యాచ్ 27 నిమిషాల్లో ఆగిపోయింది. పై గ్యాలరీ నుంచి సీట్లు విరిచి విసిరిన వాళ్ల వెనక తీవ్ర మితవాద ముఠాలున్నాయి. దీనికంటే ఘోరం యుగోస్లావియాలో జరిగింది. బెల్‌గ్రేడ్‌లో రెడ్ స్టార్ క్లబ్బు అభిమాన ముఠాకి నాయకుడు అర్కాన్ అనే పాత నేరస్థుడు. 1990 మేలో జాగ్రెబ్‌లో డైనమో, రెడ్ స్టార్ మ్యాచ్ అల్లర్లలో మునిగి ఆగిపోయింది. అదే ఏడాది చివర్లో అర్కాన్ సొంత సాయుధ దళం పెట్టాడు. మెట్ల మీద పాటలు పాడిన కుర్రాళ్లే ఆ దళంలో చేరారు. క్రొయేషియాలో, బోస్నియాలో ఆ దళం హత్యలు చేసింది. బోస్నియాలో చేసినవాటికి, యుగోస్లావియా యుద్ధ నేరాల కోసం పెట్టిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ అర్కాన్ మీద అభియోగం మోపింది. అభిమాన ముఠాల్ని పెంచి పోషించే నాయకులు ఎక్కడున్నా ఈ చరిత్ర గుర్తుపెట్టుకోవాలి.

ఇక ప్రభుత్వం ఏం చేసిందో చూద్దాం. 1974 నుంచి ఇంగ్లండ్ స్టేడియాల్లో మెట్లకీ మైదానానికీ మధ్య ఎత్తయిన ఇనప కంచెలు లేచాయి. పక్కలకి కూడా కంచెలే. రైలు దిగిన అభిమానుల్ని గుర్రాల మీది పోలీసులు బందెలదొడ్డికి పశువుల్ని తోలినట్టు తోలుకెళ్లి ఆ అరల్లో నింపేవారు. భార్యతో వచ్చినా, పిల్లలతో వచ్చినా ఒకటే లెక్క. కంచె వల్ల మైదానంలోకి దూకడం తగ్గింది, నిజమే. కానీ కంచె కట్టినవాళ్ల మనసులో ఒక అలవాటు పాతుకుపోయింది. లోపలున్న మనిషి కేక వేస్తే అది గొడవ కేకే అనుకునే అలవాటు.

1989 ఏప్రిల్ 15. షెఫీల్డ్‌లో హిల్స్‌బరో స్టేడియం. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్. లెపింగ్స్ లేన్ వైపు ఇరుకు గేట్ల దగ్గర జనం తొక్కిడి పెరగడంతో పోలీసులు బయటికెళ్లే పెద్ద గేటు తెరిపించారు. వచ్చినవాళ్లు ఎదురుగా కనిపించిన సొరంగంలోంచి నేరుగా నడిమి అరల్లోకి వెళ్లారు. అవి అప్పటికే కిటకిటలాడుతున్నాయి. పక్క అరల్లో చోటుంది. అటు వెళ్లమని చెప్పినవాడు లేడు. ముందు కంచె, వెనక జనం. మూడు గంటలకి ఆట మొదలైంది. కంచెకి ముఖాలు ఆనించి ఊపిరాడక అరుస్తున్న పిల్లల్ని చూసి, మైదానంలోకి దూకాలని చూస్తున్నారు కాబోలని చాలాసేపు పోలీసులు వెనక్కి నెట్టారు. మూడు దాటి ఆరు నిమిషాలకి ఆట ఆపారు. స్ట్రెచర్లు చాలక అభిమానులే ప్రకటనల బోర్డులు పీకి వాటి మీద మనుషుల్ని మోసుకెళ్లారు. 97 మంది చనిపోయారు. వాళ్లలో పదేళ్ల బాలుడున్నాడు. 97వ మనిషి 32 ఏళ్లు ఆ గాయాలతో బతికి 2021లో కన్నుమూశాడు.

అక్కడ ఆ రోజు హూలిగన్లు, అంటే ఇందాకటి నుంచి నేను చెబుతున్న ముఠా కుర్రాళ్లు, లేరు. అయినా గేటుని అభిమానులే బలవంతంగా తెరిచారని పోలీసు అధికారి అబద్ధం చెప్పాడు. నాలుగు రోజులకే ఒక పెద్ద పత్రిక, తాగిన అభిమానులు శవాల జేబులు కొట్టారని మొదటి పేజీలో అచ్చేసింది. జనం నమ్మారు. ఎందుకు నమ్మారంటే పాతికేళ్లుగా ఫుట్‌బాల్ అభిమాని అంటే అల్లరి మూక అని విని విని ఉన్నారు గనక. 1990లో, ఈ దుర్ఘటన మీద విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్ నివేదిక కంచెల ఎత్తు తగ్గించి, వాటి పైనున్న మొనలు తీసెయ్యమంది. 2012లో స్వతంత్ర విచారణ సంఘం, కింది పోలీసులు ఇచ్చిన వాంగ్మూలాల్లో తమకి ఇబ్బందైన మాటల్ని పైవాళ్లు తీయించారని బయటపెట్టింది. 2016లో జ్యూరీ ఆ మరణాలు చట్టవిరుద్ధమైన హత్యలని, అభిమానుల తప్పేమీ లేదని తీర్పు చెప్పింది. ఆ ఒక్క మాట కోసం తల్లులు 27 ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. కొందరు ఆ మాట వినకుండానే వెళ్లిపోయారు.

హూలిగన్లు చేసిన నేరాల్లో దీన్ని కూడా నేను లెక్కవేస్తాను. తాము లేనిచోట కూడా, తమ పేరు చెప్పి అమాయకుల మాటని ఎవరూ నమ్మకుండా చేశారు. ప్రభుత్వం చేసిన నేరం దానికంటే పెద్దది. కొందరి తప్పుకి అందర్నీ నేరస్థుల్ని చేసింది.

తర్వాత స్టేడియాల్లో అందరికీ సీట్లు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి. 2000లో బెల్జియంలోని షార్లెరోవాలో ఇంగ్లండ్ అభిమానుల గొడవ తర్వాత చట్టం బిగించారు. నేరం రుజువైనవాళ్లని కొన్నేళ్లపాటు స్టేడియాలకి దూరం పెట్టడమే కాక, విదేశాల్లో పెద్ద పోటీలప్పుడు పాస్‌పోర్టులు పోలీసుల దగ్గర పెట్టించుకుంటారు. ఈ పద్ధతి నేను సమర్థిస్తాను. తప్పు చేసినవాణ్ణి పేరుతో పట్టుకుంటుంది, పక్కవాణ్ణి వదిలేస్తుంది. కానీ ప్రీమియర్ లీగ్ వచ్చాక టికెట్ల ధరలు ఎగబాకడంతో పేద కుర్రాళ్లు గేటు బయటే ఉండిపోయారు. గొడవ తగ్గిందని సంతోషించే ముందు, ఆ కుర్రాళ్లు ఏమయ్యారని కూడా అడగాలి. 2021 జులై 11న లండన్‌లో యూరో ఫైనల్ రోజు సుమారు రెండు వేల మంది టికెట్లు లేకుండా వెంబ్లీలోకి చొరబడ్డారు. చావులు జరక్కపోవడం అదృష్టమని లూయీస్ కేసీ విచారణ నివేదిక తేల్చింది. ఆ రాత్రి పెనాల్టీలు తప్పిన ముగ్గురు నల్లజాతి ఆటగాళ్ల మీద కురిసిన బూతులు అందరూ చదివారు.

నాకు నచ్చిన దారి జర్మనీది. 1981లో బ్రేమెన్ నగరంలో మొదలైంది. అభిమానుల మధ్య పని చెయ్యడానికి సామాజిక కార్యకర్తల్ని జీతమిచ్చి పెట్టారు. వాళ్లు పోలీసులు కారు, క్లబ్బు నౌకర్లు కారు. కుర్రాళ్లతో పాటు రైలెక్కి వెళతారు, తగువు రాజుకుంటే మధ్యలో నిలబడతారు. వారం మధ్యలో ఉద్యోగం ఊడినా, ఇంట్లో గొడవైనా, కోర్టు నోటీసు వచ్చినా ఆ కుర్రాడు వెళ్లి తలుపు తట్టడానికి ఒక గది ఉంటుంది. 1993లో దాన్ని దేశమంతటికీ విధానంగా చేశారు. ఖర్చులో సగం ఫుట్‌బాల్ సంస్థలు, సగం ప్రభుత్వాలు భరిస్తాయి. దాంతో జర్మనీలో గొడవలు మాయమైపోలేదు. ముఠా నాయకుడు కాకుండా కుర్రాణ్ణి పేరు పెట్టి పిలిచే పెద్దమనిషి ఇంకొకడు అక్కడ ఉన్నాడు, అంతే. నేను వెతికిన జవాబు నాకు అక్కడ దొరికింది.

మన సంగతికి వద్దాం. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో చెలరేగిన గొడవలో, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. ఏటా ఆ రోజున అక్కడ వారి జ్ఞాపకార్థం రక్తదానం చేస్తారు. మన తెలుగునాట ఫుట్‌బాల్ ముఠాలు లేవు. కానీ 1980ల్లో బెజవాడ కాలేజీల్లో విద్యార్థి సంఘాల పేరిట కుర్రాళ్లు కత్తులు పట్టి తిరిగిన కాలం ఈ హాల్లో చాలామందికి తెలుసు. హీరో పేరు చెప్పి సాటి కుర్రాడి ఫ్లెక్సీ చించినవాళ్లని, దానికోసం తల పగలగొట్టుకున్నవాళ్లని ఇప్పుడూ చూస్తున్నాం. ఆ హీరోకి వీళ్ల పేర్లు తెలియవు. ఫ్లెక్సీ కట్టించిన అన్నకి మాత్రం తెలుసు. అన్నకి తెలియడమే ఆ కుర్రాడికి కావలసింది.

కుర్రాళ్లని పేరు పెట్టి పిలిచే పెద్దమనుషులు ఆటలో మనకీ ఉండేవారు. హైదరాబాదుకి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన జట్టు బంగారు పతకం తెచ్చింది. ఆ ఫైనల్లో స్టేడియం నిండా జనం మనకి వ్యతిరేకంగా గోల చేశారు. అంతటి హోరులో మన వాళ్లు దక్షిణ కొరియాని 2-1తో ఓడించారు. రహీం సాబ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఆ తరం పంతుళ్లు మన ఊళ్లలో చాలామందే ఉండేవారు. మన మాస్టారు వాళ్లలో ఒకరు. మ్యాచ్ అయ్యాక రెండు జట్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి మరమరాలు పంచేవారు. ఓడినవాడి ఇంటికి మర్నాడు ఆయనే వెళ్లేవారు.

స్మారక సంఘం వారికి నాదొక విన్నపం. సాయంత్రం ఐదు దాటాక ఈ ఊరి బళ్ల గేట్లకి తాళం పడుతోంది. డ్రిల్లు మాస్టారి పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటున్నాయి. ఏటా ఈ సభకి, శాలువాలకి, భోజనాలకి మీరు పెడుతున్న ఖర్చు తక్కువేమీ కాదు. వచ్చే ఏడు నుంచి ఉపన్యాసం మానేసినా నేనేమీ అనుకోను. ఆ డబ్బుతో ఒక గ్రౌండుకి సాయంత్రం తాళం తీయించండి, దీపాలు పెట్టించండి, ఒక మనిషిని జీతానికి పెట్టండి. ఆయనకి ఆట ఎంత వచ్చో చూడటంతో పాటు, గోడ మీద కూర్చుని చూస్తున్న కుర్రాణ్ణి దిగి రమ్మని పిలిచి, పేరడిగి, మర్నాటికి గుర్తుపెట్టుకునే మనిషా కాదా అన్నది చూసి మరీ పెట్టండి.